గొయ్యి పడని చెట్టు

మా మనవరాలికి డీఎస్సీలో జీవశాస్త్రం టీచరు ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "తాతయ్యా, పదో తరగతికి పోషణ పాఠం మొదలుపెట్టాలి. కిరణజన్య సంయోగక్రియ నువ్వెలా చెప్పేవాడివి?" అని అడిగింది. ముప్పై నాలుగేళ్ళు కోనసీమలోనూ, ఎగువ మెట్టలోనూ జిల్లా పరిషత్తు బడుల్లో ఆ పాఠం చెప్పినవాణ్ని. జవాబు నాలుక చివర ఉండాలి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎలా చెప్పానో తలుచుకుంటుంటే, ఎక్కడెక్కడ తప్పు చెప్పానో అవే ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను. మా పిల్ల కోసమే కాదు, ఆకును చూసి ఏదో ఒకటి అడగాలనిపించే వయసులో ఉన్న మీ అందరి కోసం.

1. చెట్టు మట్టిని తిని పెరగదు.

ఎనిమిదో తరగతిలో కిటికీ పక్క బల్ల మీద కూర్చునే పిల్లవాడొకడు ఒకరోజు లేచి నిలబడ్డాడు. "కొబ్బరిచెట్టు ఏడాది పొడుగునా కాయలు కాస్తది, మట్టలు రాలుస్తది. అదంతా నేలలోంచే లాగితే మొదట్లో గొయ్యి పడాలి కదండీ. ఎందుకు పడదండీ?" అన్నాడు. "పాఠంలో లేనివి అడక్కు, కూర్చో" అన్నాను. నిజానికి ఆ క్షణాన నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

సరిగ్గా ఆ ప్రశ్నే దాదాపు నాలుగు శతాబ్దాల కిందట బ్రస్సెల్స్ దగ్గర వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు వేసుకున్నాడని తర్వాత చదివాను. ఎండబెట్టిన మట్టిని 200 పౌన్లు తూచి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు, అంటే గుప్పెడు. చెట్టంతా నీటితోనే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో ఆ రాతలు అచ్చయ్యాయి. విచిత్రమేమిటంటే 'గ్యాస్' అన్న మాటను పుట్టించింది ఆ వైద్యుడే. కట్టె కాలితే వచ్చే వాయువును వేరుగా గుర్తించిందీ ఆయనే. చెట్టు తినేది ఆ వాయువునేనని మాత్రం ఊహించలేకపోయాడు.

ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కర్బనం. అది మొత్తం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి, ఆకు అడుగున ఉండే కంటికి కనబడని పత్రరంధ్రాల గుండా లోపలికి వచ్చిందే. మట్టి ఇచ్చింది ఎంతో చూడాలంటే కట్టెను కాల్చి మిగిలిన బూడిద చూడండి. గాలిలో ఆ వాయువు పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మూడు పాళ్ళని బోర్డు మీద రాసేవాణ్ని. నా ఒక్క జీవితకాలంలో మూడు నాలుగైంది. ఈ మాట రాస్తుంటే నాకు భయంగానే ఉంది.

ఆ పిల్లవాడు పదితో చదువు ఆపేసి దింపు పనిలోకి దిగాడు. రెండు నెలలకోసారి మా పెరట్లో కాయలు దింపడానికి ఇప్పటికీ వాడే వస్తాడు. పోయినసారి చెట్టు దిగాక మంచినీళ్ళిచ్చి, ఆనాటి ప్రశ్న గుర్తుచేసి, జవాబు చెప్పాను. వాడికి ప్రశ్న గుర్తులేదు. చాలాసేపు మొవ్వు వంక చూసి, "అయితే ఇన్నాళ్ళూ నేను గాలినే దింపుతున్నానన్నమాటండీ" అన్నాడు.

2. అంకెను కొట్టేసే ముందు అదెందుకుందో అడగాలి.

ఆరు బొగ్గుపులుసు వాయువు అణువులు, పన్నెండు నీటి అణువులు. వెలుతురు, పత్రహరితం తోడైతే ఒక గ్లూకోజు, ఆరు నీటి అణువులు, ఆరు ప్రాణవాయువు అణువులు. పాఠ్యపుస్తకంలో సమీకరణం ఇలా ఉంటుంది. "ఇటు పన్నెండు నీళ్ళు, అటు ఆరు నీళ్ళు ఎందుకండీ, ఆరు కొట్టేస్తే పోదా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేవారు. లెక్కల ప్రకారం సరే కదా అని నేనే సుద్దముక్కతో కొట్టేసేవాణ్ని. అంతటితో ఆగలేదు. బొగ్గుపులుసు వాయువు విడిపోయి అందులోని ప్రాణవాయువు బయటికి వస్తుందని చెప్పేవాణ్ని. నాకు నా గురువులు చెప్పిందదే.

అది తప్పని వేసవి శిక్షణలో తెలిసింది. అమెరికాలో వాన్ నీల్ అనే ఆయన గంధకపు నీళ్ళలో బతికే ఊదారంగు బాక్టీరియాను పరిశీలించాడు. అవి నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడును వాడుకుని, ప్రాణవాయువుకు బదులు గంధకాన్ని విడిచిపెడతాయి. అలాగైతే ఆకుపచ్చ మొక్కలు విరగ్గొట్టేది నీటినే అయ్యుండాలని ఆయన ఊహ. 1941లో రూబెన్, కామెన్, వాళ్ళ సహచరులు బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని ఆల్గేకు ఇచ్చి చూస్తే, ఆ బరువైన ఆక్సిజనే బుడగల్లో తేలింది. బయటికొచ్చే ఆరు అణువుల్లో పన్నెండు పరమాణువులు ఉంటాయి. ఆ పన్నెండూ నీటివే కావాలంటే పన్నెండు నీటి అణువులు ఉండాల్సిందే. నేను కొట్టేసిన ఆరులోనే అసలు సంగతంతా ఉంది.

శిక్షణ నుంచి వచ్చాక కొత్త తరగతికి సరిగానే చెప్పాను. కానీ అంతకుముందు తప్పు నేర్చుకున్న పిల్లలు పై తరగతిలో, పక్క గదిలోనే ఉన్నారు. అయిదు నిమిషాలు వెళ్ళి చెప్పి రావచ్చు. వెళ్ళలేదు.

3. ప్రయోగం చెడితే చెడిందనే రాయాలి.

ఆకు పిండిపదార్థం చేస్తుందని చూపడానికి మనం చేసేది తెలిసిందే. మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచాలి. ఒక ఆకుకు సగం నల్లకాగితం చుట్టి ఎండలో పెట్టాలి. సాయంత్రం కోసి, స్పిరిట్‌లో మరిగించి రంగు తీసేసి, అయోడిన్ చుక్కలు వేయాలి. ఎండ తగిలిన భాగం నీలినలుపవుతుంది, కాగితం కింది భాగం కాదు. ఒకసారి తనిఖీ ఉందని తొందరపడి, చీకట్లో పెట్టే పని మానేసి, పొద్దున్నే మందార ఆకుకు కాగితం చుట్టాను. అయోడిన్ వేస్తే ఆకంతా నీలంగా మారింది. ముందురోజుల పిండి అందులో అలాగే ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం "కాగితం కింది భాగం రంగు మారలేదు అని రాసుకోండి" అన్నాను. ఒక్క ఆడపిల్ల "ఆకు మొత్తం రంగు మారింది" అని రాసింది. ఆ వాక్యం మీద ఎర్రసిరాతో అడ్డగీత గీశాను. ఈ వ్యాసంలో నేను ఒప్పుకుంటున్న వాటిలో నన్ను ఎక్కువగా బాధించేది అదే.

చెడిన ప్రయోగమే ఈ శాస్త్రానికి దారి చూపింది. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ పెడితే కొన్నాళ్ళకు ఆ గాలిలో మళ్ళీ కొవ్వొత్తి వెలుగుతుందని చూపాడు. ఆ తర్వాత చేస్తే ఒక్కోసారి కుదిరేది, ఒక్కోసారి కుదిరేది కాదు. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. 1779 వేసవిలో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు వందలకొద్దీ ప్రయోగాలు చేసి కారణం కనిపెట్టాడు. ఎండ ఉంటేనే గాలి బాగుపడుతుంది, అదీ మొక్క ఆకుపచ్చ భాగాల వల్లనే. చీకట్లో మొక్క కూడా మనలాగే గాలిని పాడుచేస్తుంది. కుదరని వాటిని కుదిరినట్టు రాసి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు.

4. వెలుగు నిలవ ఉండదు.

పైన చెప్పిన స్పిరిట్ ఆకు రంగును దింపుకుని చిక్కటి ఆకుపచ్చగా తయారవుతుంది. ముప్పై నాలుగేళ్ళు నేను దాన్ని కాలవలో పారబోశాను. ఒక గాజు గ్లాసులో పోసి ఎండకు పట్టి పక్కనుంచి చూస్తే అది నెత్తుటి ఎరుపుతో మెరుస్తుంది. రిటైరయ్యాక చూశాను, ఒక్కణ్నే వంటింటి గుమ్మంలో నిలబడి. పిల్లలెవరూ పక్కన లేరు.

ఆ ఎరుపు ఏమిటంటే, ఎటూ పోవడానికి దారిలేని వెలుగు. పత్రహరితం వెలుతురును మింగినప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగురుతుంది. ఆ పొంగు సెకనులో కోటో వంతు కూడా నిలవదు. అందుకునేవాళ్ళు లేకపోతే ఎర్రటి కాంతిగానో, వేడిగానో జారిపోతుంది. బతికున్న ఆకులో మాత్రం అందుకునేవాళ్ళు వరసకట్టి ఉంటారు. హరితరేణువులో నాణేలు పేర్చినట్టుండే పల్చటి సంచుల గోడల్లో, ఆ ఎలక్ట్రాన్ ఒక చేతి నుంచి మరో చేతికి పోతుంది. దారిలో మరోసారి వెలుతురు అందుకుంటుంది. మొదట్లో పోయిన ఎలక్ట్రానుకు బదులు నీటి నుంచి వస్తుంది. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం ఉన్న చిన్న ముద్ద నీటిని విరగ్గొడుతుంది. మనం పీల్చే ప్రాణవాయువు అక్కడ వదిలేసినదే.

ఎలక్ట్రాన్ ఇలా నడుస్తున్నంతసేపూ సంచి లోపల ప్రోటాన్లు పోగవుతుంటాయి. మా ప్రాంతం పిల్లలకైతే ధవళేశ్వరం ఆనకట్టా, కాలవ లాకులూ తెలుసు. ఎగువన నీరు పెరిగితే దిగువకు దానంతట అదే ఉరకాలని చూస్తుంది. సంచి గోడలో ఉన్న తూముల గుండా ప్రోటాన్లు బయటికి ఉరుకుతాయి. ప్రతి తూములో నిజంగానే తిరిగే చక్రం ఉంది. అది తిరిగిన కొద్దీ ఏటీపీ అనే శక్తి అణువు తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ మాట అన్నప్పుడు నమ్మినవాళ్ళు తక్కువ. 1966లో యాగెండార్ఫ్ ఆ సంచులను ముందు ఆమ్లంలో నానబెట్టి, తర్వాత క్షారంలోకి మార్చాడు. చిమ్మచీకట్లో, వెలుగు ఊసే లేకుండా ఏటీపీ తయారైంది. ఇన్నాళ్ళ పాఠంలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ప్రయోగమిది. మిచెల్‌కు 1978లో నోబెల్ ఇచ్చారు.

ఆ ఏటీపీ, దానితోపాటు పుట్టే, ఎలక్ట్రాన్లు మోసే ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చుపెట్టి ఆకు గాలిలోని కర్బనాన్ని చక్కెరగా కూర్చుతుంది. ఒక గ్లూకోజుకు పద్దెనిమిది ఏటీపీలు, పన్నెండు ఎన్‌ఏడీపీహెచ్‌లు అవుతాయి. కర్బనం ఏ మెట్టు మీదుగా ఏ మెట్టుకు పోతుందో రేడియోధార్మిక కర్బనంతో గుర్తుపెట్టి బర్కిలీలో కాల్విన్, బెన్సన్, బాషమ్ పట్టుకున్నారు. కాల్విన్‌కు 1961లో నోబెల్ వచ్చింది. ఈ రెండో భాగాన్ని మేము 'చీకటి చర్య' అనేవాళ్ళం. వెలుతురు నేరుగా అక్కర్లేదని ఆ పేరు. నేను దాన్ని రాత్రిపూట జరిగే పనిగా చెప్పాను. "రాత్రివేళ జరుగును" అని రాసిన పిల్లలకు మార్కులు వేశాను. అది జరిగేది పట్టపగలే. ఏటీపీ అందకపోతే, అందులోని కొన్ని ఎంజైములను వెలుతురు తట్టి లేపకపోతే, చాలా మొక్కల్లో అది కాసేపటికే ఆగిపోతుంది. ఇప్పటి పుస్తకాలు 'నిష్కాంతి చర్య' అంటున్నాయి. ఆ మాట విన్నా పిల్లల మనసు రాత్రికే పోతుంది. పేరు చెప్పిన వెంటనే, ఇది పగటి పనేనని చెప్పండి.

5. ఎరువు అన్నం కాదు.

నాకు రెండెకరాల వరిచేను ఉండేది. ఒక సార్వాలో (వానాకాలం పంటలో) వెన్ను తీసే వేళకు మూడు వారాలు ముసురు పట్టింది. చేను డల్లుగా కనిపించింది. ఆకలిగా ఉందనుకుని మరో బస్తా యూరియా చల్లించాను. పాలేరు "ఎండ రానీండి మాస్టారూ" అన్నాడు. వినలేదు. ఆకు నల్లగా, మెత్తగా ఎదిగింది. సుడిదోమ పట్టింది. చివరికి గాలికి చేను పడిపోయింది. నూర్చితే సగం తాలు.

వరిగింజలోకి చేరే పిండిలో ఎక్కువ భాగం వెన్ను తీశాక ఆకులు చేసుకున్నదే. దానికి కావలసింది ఎండ. నత్రజని పెంచేది ఆకులోని పనిముట్లను, పత్రహరితాన్ని, కర్బనాన్ని పట్టే రూబిస్కో అనే మాంసకృత్తును. పొయ్యి రాజేయకుండా వంటింట్లో గిన్నెలు పెంచితే అన్నం ఉడకదు. రెండో పంట దాళ్వాలో దిగుబడి సార్వాను మించడానికి ముఖ్య కారణం మబ్బులేని ఎండేనని మా రైతులకు ఎప్పుడో తెలుసు. తరగతిలో సమీకరణం చెప్పి, సాయంత్రం గట్టు మీద నిలబడితే ఆ సమీకరణం నాకు గుర్తు రాలేదు.

6. అరకొర శాస్త్రంతో ఇంట్లోవాళ్ళను శాసించకూడదు.

మా అమ్మ చివరి వేసవిలో వేపచెట్టు కింద మంచం వేయమని అడిగింది. రాత్రిపూట చెట్లు బొగ్గుపులుసు వాయువు వదులుతాయని నేను ఒప్పుకోలేదు. గదిలోనే, ఫ్యాను కింద పడుకోబెట్టాను. చెట్టు రాత్రి వదిలేది కొద్దిపాటిది, ఆరుబయట గాలికి చెదిరిపోయేది. అదే గదిలో ఆమె పక్కన పడుకున్న నేను వదిలిన ఊపిరి ఆమెకు అంతకన్నా దగ్గర. ఇక రావిచెట్టూ తులసీ రాత్రిళ్ళు ప్రాణవాయువు ఇస్తాయన్న మాట ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. వెలుతురు లేనిదే నీరు విరగదు, నీరు విరగనిదే ఏ చెట్టూ ప్రాణవాయువు ఇవ్వలేదు. రెండువైపులా తప్పే. అమ్మ అడిగింది మాత్రం చల్లటి గాలి.

7. పెరట్లో ఉన్నదాన్ని అందరికన్నా ఆలస్యంగా చూస్తాం.

డెల్టావాణ్ని కాబట్టి జొన్న, సజ్జ అంటే నాకు చిన్నచూపు ఉండేది. రూబిస్కో సెకనుకు మూడు నాలుగు అణువులకు మించి పట్టలేని నిదానపు పనివాడు. పైగా బొగ్గుపులుసు వాయువు అనుకుని ప్రాణవాయువును పట్టుకుంటాడు. వేడి పెరిగితే పొరపాట్లూ పెరుగుతాయి. వరి ఈ నష్టాన్ని భరిస్తుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు, రాగి భరించవు. అవి బొగ్గుపులుసు వాయువును ముందు వేరే ఎంజైముతో పట్టి, ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేరవేసి, రూబిస్కో చుట్టూ చిక్కగా నింపుతాయి. తక్కువ నీటితో ఎక్కువ పని. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో చెరకులో ఈ దారిని విప్పారు. మన తిరుపతిలో, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్. రామదాస్ ఇలాంటి మొక్కల మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. మా జిల్లాలో కూర్చున్న నాకు ఆ సంగతి రిటైరయ్యాక తెలిసింది.

అంతకన్నా సిగ్గుపడేది రణపాల విషయంలో. సామర్లకోట దగ్గర బడిలో ఆరేళ్ళు పనిచేశాను. ఒకప్పుడు అక్కడ ఈస్టిండియా కంపెనీ తోట ఉండేది. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త తర్వాత దాన్ని చూసుకున్న బెంజమిన్ హేన్ అనే వైద్యుడు రణపాల ఆకు నమిలి, పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని ఒక ఉత్తరంలో రాశాడు. 1815లో లండన్ లినేయన్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. ఈ మొక్క నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలను రాత్రి తెరిచి, బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. పగలు తలుపులు మూసుకుని ఆ ఆమ్లాన్ని విప్పి ఎండలో చక్కెర చేసుకుంటుంది. పొద్దుటి పులుపు అదే. నేను పనిచేసిన ఆ ఆరేళ్ళూ బడి ప్రహరీ వెంట రణపాల దుబ్బులుగా ఉండేది. పిల్లలు దాని ఆకులు పుస్తకాల్లో పెట్టుకుని అంచుల్లోంచి పిలకలు వస్తుంటే చూసి మురిసేవారు. పాఠం సమయంలో అల్లరి అని నేను లాక్కునేవాణ్ని.

సంక్రాంతికి మనవరాలు వచ్చింది. భోగి మర్నాడు మంచు ఇంకా వీడకముందే ఇద్దరం పెరట్లోకి వెళ్ళాం. చెరో చిన్న ముక్క నమిలి ఉమ్మేశాం. ఈ వయసులో నా నాలుకకు ఏమీ తెలియలేదు. తను మొహం ముడుచుకుని, "పులిచింతాకులా ఉంది తాతయ్యా" అంది. భోజనాల వేళ మళ్ళీ నమిలితే చప్పగా ఉందట. ఊరికి వెళ్ళేటప్పుడు ముదురాకులు ఆరు న్యూస్‌పేపరులో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. బడి వరండాలో కుండీలు పెట్టి వీటిని మొలిపిస్తానంది. తరగతిలో నలభై రెండు మంది ఉన్నారు. మొక్కలు ఎదిగాక ఒకరోజు వాళ్ళను పొద్దున్నే ఆరింటికి రమ్మంటుందట. హెడ్మాస్టరుగారిని ఇంకా అడగలేదు.